బరంపురంలో అంతిమయాత్రకు పూలు పంపేముందు

మొదట కబురు చెప్పినవారికే మళ్లీ ఫోన్ చేసి, శవయాత్ర ఎన్ని గంటలకు బయలుదేరుతుందో కనుక్కోండి. శ్మశానానికి వెళ్లిపోయాక వచ్చిన దండను ఆ ఇంటివారు ఏం చేసుకుంటారు?

ఆన్‌లైన్‌లో ఊరి పేరు ఒక్కటే రాయవద్దు. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం కూడా బరంపురమే. అక్కడి పిన్ 742101. మనది ఒడిశా, గంజాం జిల్లా. నగరం ప్రధాన తపాలా కార్యాలయం పిన్ 760001. పూర్తి చిరునామాతో పాటు దగ్గరి గుడినో బడినో గుర్తుగా చెప్పండి. వీలైతే ఆ వీధి పూలకొట్టుకే చెప్పడం అన్నిటికన్నా నయం.

దండ పార్థివదేహానికా, ఫొటోకా? కొలత మారుతుంది, ముందే చెప్పాలి. దహనమైతే ఇనుప తీగ, థర్మోకోల్, మెరుపు కాగితం వద్దు. దారంతో గుచ్చిన బంతి, చామంతి చాలు. దారి పొడవునా చల్లడానికి విడిపూలు వేరే బుట్టలో పెట్టించండి. ఎండాకాలంలో ప్లాస్టిక్ సంచిలో బిగించిన పూలు ఉక్కకు చెమర్చి, రేకలు మెత్తబడి వాసన వేస్తాయి. తడిగుడ్డ కప్పిన వెదురుబుట్ట మేలు.

డబ్బు ముందే కట్టేయండి. ఏడుస్తున్న ఇంటి గుమ్మంలో బిల్లు అడిగించడం అన్యాయం. తలకొరివి పెట్టే కొడుకు నంబరు ఇవ్వకండి, పక్కింటివారిది ఇవ్వండి. చీటీ మీద పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి.