పాత ఇంగ్లీషు వెండి నాణెం: బొమ్మ కంటే ముందు అంచు చూడండి

తాతల నాటి ఇనప్పెట్టెలో షిల్లింగో క్రౌనో దొరికితే మన చిత్తూరు వైపు ఇళ్ళలో మొదట చేసేది చింతపండుతో తోమడం. దయచేసి తోమొద్దు. విభూతి, ముగ్గుపొడి కూడా వద్దు. నలుపుతోపాటు సన్నటి చెక్కడమూ పోతుంది, అది మళ్ళీ రాదు. మంచినీళ్ళలో ముంచి, మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి.

ఇక అంచు. యంత్రాలు రాకముందు సుత్తితో అచ్చు కొట్టిన నాణెం సరిగ్గా గుండ్రంగా ఉండదు, అక్షరాలు ఒక పక్క తెగిపోతాయి. అంచు కత్తిరించి వెండి కాజేసేవాళ్ళకు అదే వీలు. లండన్ టవర్ టంకశాలలో ఫ్రెంచి పనివాడు ఎలోయ్ మెస్ట్రెల్ 1561 నుంచి యంత్రంతో నాణేలు చేసి చూపించాడు గానీ ఆ పద్ధతి నిలవలేదు. 1662లో రెండో చార్లెస్ కాలంలోనే స్థిరపడింది: గుర్రాలు తిప్పే రోలర్లతో వెండిని రేకుగా సాగదీసి, బిళ్ళలు కోసి, మరప్రెస్సు కింద అచ్చు వేసేవాళ్ళు. ఫ్రెంచి ఇంజనీరు పియర్ బ్లాందో పద్ధతిలో అంచుకు గీతలో అక్షరాలో పడేవి. క్రౌన్ అంచున ఉండే ‘డెకస్ ఎట్ టుటామెన్’ అనే లాటిన్ మాటలకు అర్థం అలంకారమూ రక్షణా అని. కొంచెం గీకినా కనిపించిపోతుంది.

తర్వాత తూకం. 1816 నుంచి క్రౌన్ 28.28 గ్రాములు, హాఫ్ క్రౌన్ 14.14, షిల్లింగ్ 5.65, సిక్స్‌పెన్స్ 2.83. అరిగితే తగ్గుతుంది. ఎక్కువ తూగితే అనుమానించండి, కొక్కెం అతికించి ఉంటే తప్ప. తిరుపతి వెండి కొట్లో 0.01 గ్రాము చూపే కాటా మీద తూయించండి, గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి.

అసలు పరీక్ష నీళ్ళతో. కాటా మీద గ్లాసు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని పూర్తిగా ముంచి పట్టుకోండి. హాఫ్ క్రౌన్ 13.90 తూగి, నీళ్ళలో కాటా 1.35 చూపిస్తే, 13.90ని 1.35తో భాగిస్తే సాంద్రత 10.3. అది 92.5 శాతం వెండి లెక్క. అడుగు తగిలితే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. బుడగలు అంటుకున్నా పెరుగుతుంది, మంచి వెండి కూడా నాసిగా కనిపిస్తుంది. నాణేన్ని నీళ్ళలోనే మెల్లగా ఆడించి బుడగలు వదిలించండి.

1920 నుంచి 1946 దాకా కొట్టినవి సగం వెండే, కాబట్టి 10 కంటే తక్కువ వస్తుంది. 1947 నుంచి వాడుక నాణేలు రాగి-నికెల్, 8.9 దగ్గర ఆగుతాయి.

అయితే నిజం వెండితోనే పోత పోసిన నకలు నీళ్ళ పరీక్ష దాటేస్తుంది. దానికి భూతద్దంతో మళ్ళీ అంచుకే రండి: చుట్టూ సన్నటి అతుకు గీత ఉన్నా, ఆకురాయితో రాసిన గీతలు అంచు నిండా అడ్డంగా ఉన్నా కొనకండి.