ఘాటు నవల కొనేముందు దాని వెన్ను చూడండి

మా అక్క కూతురు బెంగుళూరు మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటుంది. పోయిన నెల ఓ రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక పుస్తకం అట్ట ఫోటో పంపింది. గులాబీ రంగు అట్ట, దానిమీద కార్టూన్ అబ్బాయి, కార్టూన్ అమ్మాయి, మధ్యలో కాఫీ కప్పు. "పిన్నీ, ఇది చదవొచ్చా? ఆఫీసులో అందరూ చదివేశారు. ఫుల్ ఘాటంట. ఐదు వందలు పెట్టి కొననా?"

కొను అనో వద్దు అనో చెప్పేస్తే ఆ పూటకి సరిపోతుంది. వచ్చే నెల ఇంకో అట్ట వస్తుంది. అందుకని ఆ పుస్తకం సంగతి వదిలేసి, ఇలాంటివి చూసుకుని కొనడం ఎలాగో చెప్పాను. దాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ఘాటు నవలలు, అంటే శృంగారం దాచకుండా రాసే ప్రేమ నవలలు, చదవడం తప్పా ఒప్పా అన్న జోలికి నేను పోను. ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి కళ్లు వాళ్లవి. నా లెక్క టైము గురించి. నాలుగు వందల పేజీల ఇంగ్లీషు నవల నాకు పది గంటలు పడుతుంది. ఆఫీసుకి మెట్రోలో పోనూ రానూ కలిపి గంట చదువుతాననుకుంటే, రెండు వారాల ఆఫీసు రోజులు దానికే పోతాయి. సీటు దొరికితే సంగతి అది.

నరసరావుపేటలో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. అమ్మ అక్కడ నవల ఎంచుకునేటప్పుడు అట్ట బొమ్మ చూసేది కాదు, వెనక రాసింది చదివేదీ కాదు. పుస్తకం మూసి, పేజీల అంచు వైపు తిప్పి చూసేది. జనం చేతులు తగిలి అంచంతా ఒకే తీరుగా మాసిపోయి ఉంటే సంచిలో వేసుకునేది. మధ్యలో వేలెడు మేర మాత్రమే నల్లబడి ఉంటే నవ్వి, తీసిన చోటే పెట్టేసేది. ఎందుకమ్మా అంటే, "అందరూ అక్కడికే వచ్చి పోతున్నార్లే" అనేది. ఆ మాట నాకు ఇంటర్‌కొచ్చాక గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మేముండే చోట అద్దె షాపు లేదు. చర్చ్ స్ట్రీట్ ఉంది. ఎంజీ రోడ్ స్టేషన్లో దిగితే నడిచిపోయే దూరం. బ్లాసమ్‌లోనూ బుక్‌వార్మ్‌లోనూ కొత్తవాటితో పాటు సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు కూడా అమ్ముతారు. ఊరంతా మోగుతున్న నవల కొన్ని నెలలు ఆగితే ఆ అరల్లోకి దిగుతుంది. ఒకటే పుస్తకం మూడు నాలుగు కాపీలు పక్కపక్కన దొరికిందంటే మీ అదృష్టం. వాటి వెన్ను చూడండి, అంటే పేరు అచ్చువేసి ఉండే ఆ సన్నటి అంచు. పేపర్‌బ్యాక్‌ని తెరిచి చదువుతున్న కొద్దీ అక్కడ తెల్లటి గీతలు పడతాయి. చదవడం ముందు అట్ట వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి గీతలూ అటు నుంచే వస్తాయి. ఒకసారి అలా నాలుగు కాపీలు తీసి చూశాను. నాలుగింటికీ మూడో వంతు దాకా గీతలు, అక్కడి నుంచి వెనక అట్ట దాకా కొత్త పుస్తకంలా నున్నగా ఉంది. ఒకరి మొహం ఒకరికి తెలియని నలుగురు మనుషులు, అందరూ దాదాపు ఒకే స్టాపులో దిగిపోయారన్నమాట. వెన్ను విరగకుండా అపురూపంగా చదివేవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి ఒక్క కాపీ చూసి తేల్చేయకండి.

ఇక రీల్స్. పుస్తకాల గురించి చిన్న చిన్న వీడియోలు పెట్టడాన్ని బుక్‌టాక్ అంటారు, ఆ పేరు టిక్‌టాక్ నుంచి వచ్చింది. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని ఆపేశారు గానీ, బయటి దేశాల్లో మోగిన పుస్తకాలు ఇన్‌స్టా రీల్స్‌గా మన ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. వాటిలో ఘాటుకి మిరపకాయ బొమ్మలతో మార్కులేస్తారు. ఒకటంటే ముద్దుల దాకా, ఐదంటే దాపరికం ఏమీ లేదని. మాది గుంటూరు వైపు, మిరపకాయ లెక్క ఊరికే నమ్మం. ఇక్కడ కర్ణాటకలో బ్యాడిగి మిరప ఉంటుంది. ముడతలు ముడతలుగా, చూస్తే భయమేసేంత ఎర్రగా ఉంటుంది. పులుసులో వేస్తే గిన్నెంతా ఎరుపెక్కుతుంది, నాలుక్కి మాత్రం పెద్దగా కారం తెలియదు. బెంగుళూరు వచ్చిన కొత్తలో రంగు చూసి భయపడి రెండే రెండు వేశాను, ఆ పూట పప్పు చప్పగా తిన్నాం. మోగిపోతున్న నవలల్లో నేను చదివినవి చాలావరకు బ్యాడిగి రకమే. సన్నివేశాలు ఎన్నున్నాయో ఆ బొమ్మలు చెబుతాయి. అవి చదివేవాళ్లకి తగులుతాయా అన్నది వాటికి తెలియదు.

రీల్లో వినపడే ఇంకో నాలుగు మాటలు తెలిసి ఉంటే మోసపోకుండా ఉంటారు. స్లో బర్న్ అంటే సగం పుస్తకం దాకా చెయ్యి కూడా పట్టుకోరు. క్లోజ్డ్ డోర్ అంటే గది తలుపు పడగానే అధ్యాయం అయిపోతుంది. ఎనిమీస్ టు లవర్స్ అంటే మొదట తిట్టుకుంటారు. డార్క్ రొమాన్స్ అంటే హీరో కిడ్నాప్ చేసినా హీరోగానే చలామణీ అవుతాడు, నేను వాటి దగ్గర ఆగిపోతాను. ఇవన్నీ రుచుల పేర్లు. పులిహోర అన్నంత మాత్రాన బాగా కుదిరిందని కాదు కదా.

రివ్యూల్లో ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చదవండి. వాళ్లే "మొదటి సగం బాగుంది, తర్వాత అదే గొడవ మళ్లీ మళ్లీ" అని విప్పి చెబుతారు. ఆ "మళ్లీ మళ్లీ"కి ఒక కారణం ఉంది. ఇలాంటి నవలలు కొన్ని ముందు ఇంటర్నెట్‌లో భాగాలుగా వచ్చినవి. 2011లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయిన 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' కూడా మొదట 'ట్వైలైట్' అభిమానిగా ఒకావిడ రాసుకున్న ఫ్యాన్ ఫిక్షనే. భాగాలుగా రాసేటప్పుడు ప్రతి భాగం చివర ఒక కొక్కెం వెయ్యాలి, వీక్లీ సీరియల్స్ చదివిన మనకి ఇది కొత్త కాదు. వారానికొకటి చదివితే కొక్కెం పనిచేస్తుంది. అన్నీ కలిపి ఒకే బైండులో చదివితే ఒక్కోసారి విసుగొస్తుంది.

నాకు అసలు పరీక్ష దొరికింది మాత్రం ఒక దొంగ ప్రింటు పుణ్యాన. మూడేళ్ల కిందట ఫుట్‌పాత్ మీద నూట యాభైకి కొన్నాను, తప్పే. పల్చటి కాగితం, ఒకవైపు అక్షరాలు రెండోవైపు కనబడుతున్నాయి. రెండు వారాలు మెట్రోలో చదివి పూర్తి చేశాను. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, "ఆ హోటల్ సీన్ ఎలా ఉంది అక్కా?" అంది. ఏ హోటల్ అన్నాను. తను నావైపు వింతగా చూసింది. రీల్స్ అన్నీ ఆ సీన్ గురించేనట. పుస్తకం తీసి చూస్తే 192 తర్వాత 209 ఉంది. పుస్తకాలు మామూలుగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చువేసి మడిచి కలుపుతారు. నా కాపీలో ఒక ఫారం మొత్తం ఎగిరిపోయింది. దాంతోపాటు పద్దెనిమిదో అధ్యాయమూ పోయింది.

పేజీలు పోవడం పెద్ద విషయం కాదు, నాకు తెలియకపోవడం విషయం. పదిహేడో అధ్యాయం చివర ఇద్దరూ లిఫ్టులో గొడవపడుతున్నారు. పంతొమ్మిది మొదట్లో ఆఫీసులో గొడవపడుతున్నారు. లిఫ్టు దిగి ఆఫీసులోకి వెళ్లారనుకున్నాను! మధ్యలో ఒక రాత్రి, ఒక హోటలు, అంత ఘాటు జరిగితే మర్నాడు పొద్దున ఆ ఇద్దరిలో ఒక్కరూ వెంట్రుకవాసి మారలేదు. అదే మాట, అదే కోపం.

అప్పట్నుంచి ఏ కాపీ చేతికొచ్చినా ఇదే చేస్తాను. మొదటి ఘాటు సన్నివేశం ఎక్కడుందో వెతుకుతాను. షాపులో పుస్తకమైతే దానంతట అదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంటుంది, వెతకక్కర్లేదు. సన్నివేశం వదిలేసి, దానికి ముందు రెండు పేజీలు, తర్వాత రెండు పేజీలు చదువుతాను. మధ్యలో ఏదో జరిగిందని తర్వాతి పేజీలు నాకు చెప్పాలి. పిలుపు మారి ఉండొచ్చు. నిన్నటి దాకా దబాయించినవాడు ఇవాళ ఆమె కళ్లలోకి చూడలేకపోవచ్చు. దాచిపెట్టిన అబద్ధం ఒకటి ఆమెకి ఇప్పుడు బరువుగా తోచవచ్చు. ఏదో ఒకటి కదలాలి. కదిలితే వెనక్కి వెళ్లి ఆ మధ్య పేజీలు కూడా చదవాలనిపిస్తుంది, నాకు అదే చాలు. మొదటి అధ్యాయం మీద మాత్రం ఏ తీర్పూ చెప్పకండి. శాంపిల్‌గా ఇచ్చేది అదేనని రాసేవాళ్లకి తెలుసు, దాన్ని పదిసార్లు దిద్దుతారు.

రెండో పరీక్ష మా అత్తగారిది. మా ఇంట్లో ఈ-బుక్ అకౌంట్ ఒక్కటే. నా ఫోన్లో కొన్నది ఆవిడ ట్యాబ్‌లో కూడా కనబడుతుందని నాకు తట్టలేదు. మీ ఇంట్లోనూ అంతే అయితే ఈ పేరా చదవడం ఆపి ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి. అత్తగారు ఒంగోలు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, ఏది కనబడితే అది చదువుతారు. ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, "ఆ చొక్కా లేనివాడి పుస్తకం నువ్వు కొన్నదేనా అమ్మాయ్?" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"సగం చదివాను. ఆ పిల్ల ఏం తింటుంది? ఎక్కడా ఒక ముద్ద తిన్నట్టు రాయలేదు. ఉద్యోగమన్నాడు, ఏ పని చేస్తుందో లేదు. వాడు అన్నిసార్లు ఒంటిమీద చెయ్యి వేశాడు గానీ, అన్నం తిన్నావా అని ఒక్కసారి అడిగాడా?"

అంతే, మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయారు. నేను ఆ రాత్రి మిగతా సగం తిరగేశాను. నిజమే, షాంపేన్ తాగారు తప్ప ఇంకేమీ తినలేదు. ఇప్పుడు శాంపిల్ చదివేటప్పుడు నేను వెతికేవి ఇవే. ఆ మనుషులకి ఆకలేస్తుందా, అద్దె కడతారా, అమ్మ ఫోన్ చేస్తే విసుక్కుంటారా, మంచం దగ్గర కాకుండా ఇంకెక్కడైనా ఒకరి మాట ఒకరు వింటారా. ఆమె ఫోన్ లాక్కుని చూసేవాణ్ని "ఎంత ప్రేమో" అని ఆ పుస్తకం మురిసిపోతుంటే నేను అక్కడే మూసేస్తాను. అదే పని చేసినవాడితో ఆమె పోట్లాడితే చదువుతాను.

ఘాటు ఉండి కూడా గొప్పగా ఉండటం ఎలాగో మన తెలుగులోనే కొలత ఉంది. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో 18వ శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన కావ్యం 'రాధికా సాంత్వనం'. ఇళాదేవిని తన చేతుల్లో పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్లి చేయించి, తొలిరాత్రికి తనే సిద్ధం చేసి పంపుతుంది రాధ. ఆ తర్వాత ఒంటరిగా రగిలిపోతుంది. అందులో శృంగారం తీసేస్తే రాధ కోపానికి అర్థమే లేదు. నా పదహారు పేజీల పరీక్ష దాని ముందు పెట్టి చూడండి. నిజానికి ఆ పరీక్ష దానికి జరిగింది కూడా. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు ఎత్తేశారని గమనించి, రాతప్రతి సంపాదించి, అన్నీ కలిపి 1910లో వావిళ్ల వాళ్లచేత అచ్చువేయించింది ఈ ఊరి పేరునే ఇంటిపేరులా మోసిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ తర్వాత ప్రభుత్వం అభ్యంతరం పెట్టి నిషేధించింది. మళ్లీ ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. దాని పక్కన పెట్టి చూస్తే ఇప్పటి ఐదు మిరపకాయల్లో చాలా వాటికి రంగే మిగులుతుంది.

చిన్న సంగతులు కొన్ని. కార్టూన్ అట్ట చూసి పిల్లల పుస్తకం అనుకుని పదో క్లాసు పిల్లకి కొనివ్వకండి, లోపల ఐదు మిరపకాయలవీ ఉంటాయి. చాలామంది రచయితలు మొదట్లోనే లోపల ఏమేం ఉన్నాయో హెచ్చరికగా ఒక పేజీ రాస్తున్నారు, అది చూడండి. సిరీస్‌లో మొదటిదా, దీంతోనే అయిపోతుందా అన్నది కొనేముందే కనుక్కోండి, లేకపోతే ఐదు వందలు పదిహేను వందలవుతుంది. చివరి పేజీ ముందే చదివినా పాపం లేదు. రొమాన్స్ అని అమ్మే పుస్తకంలో ఇద్దరూ కలుస్తారని అందరికీ తెలుసు. ఎలా కలిశారన్నదానికే మనం డబ్బులిచ్చేది.

శనివారం సాయంత్రం మా అక్క కూతురి ఫోన్. షాపులో నిలబడి గుసగుసగా మాట్లాడుతోంది.

"పిన్నీ, సెకండ్‌హ్యాండ్‌వి మూడున్నాయి. రెండింటికి సగం దాకా, ఒకదానికి చివరిదాకా గీతలున్నాయి."

"మొదటి సీన్ అయ్యాక వచ్చే పేజీ తియ్యి."

కాసేపు కాగితాల చప్పుడు. "పొద్దున్నే లేచి ఆమ్లెట్ వేశాడు పిన్నీ. ఉప్పెక్కువైందని ఆ పిల్ల పక్కకి నెట్టేసింది. వాడు అలిగాడు."

"ఎంతంటున్నారు?"

"రెండొందల ఇరవై."

"తీసేసుకో. అయ్యాక మా ఇంటికి తీసుకురా. నాకంటే ముందు మా అత్తగారు అడుగుతారు."