హాస్టల్ గదికి డ్యామేజ్ చార్జీలు పడకుండా ఏం చేయాలి?

చెన్నైలో చదువుకునే మనవాళ్లలో చాలామందికి కాషన్ డిపాజిట్ (చేరేటప్పుడు కట్టించుకుని, డ్యామేజ్ ఉంటే కోసుకుని తిరిగిచ్చే సొమ్ము) గుర్తొచ్చేది గది ఖాళీ చేసే రోజునే. అప్పటికి మీ దగ్గర నోటిమాట తప్ప ఏమీ ఉండదు. ఆఫీసులో మాత్రం మీ సంతకంతో ఒక కాగితం ఉంటుంది. అందుకే హాస్టల్లో చేరిన రోజే పని మొదలుపెట్టాలి.

ముందు ఆ కాగితం సంగతి. తాళంచెవి ఇస్తూ మంచం, పరుపు, కుర్చీ, ఫ్యాన్ అన్నీ బాగున్నాయని సంతకం పెట్టించుకుంటారు. కింద ఆటో ఆగి ఉంటుంది, వెనక క్యూ ఉంటుంది, ఎవరూ చదవరు. మీరు చదవండి. కప్‌బోర్డుకి గడియ లేకపోతే ఆ వరుసలోనే 'గడియ లేదు' అని రాసి సంతకం పెట్టండి. ఫారాన్ని ఫోటో తీసుకోండి.

సామాను సర్దకముందే వీడియో తీయండి. తలుపు మీది గది నంబరుతో మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా తీస్తే, ఇది వేరే గది అని ఎవరూ అనలేరు. రెగ్యులేటర్ తిప్పి చూపించండి. మంచం జరిపి వెనక గోడ కూడా తీయండి.

చెన్నైలో అసలు పేచీ ఈ గోడతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి పై అంతస్తు గోడలు నెమ్మెక్కి, రంగు పొక్కి, పెచ్చులు రాలతాయి. అందులో మీ తప్పేం లేదు. కానీ మే నెల ఎండల్లో తనిఖీకి వచ్చినవాళ్లకి అది వాన మచ్చో, మీరు పోస్టర్ పీకిన మచ్చో ఎలా తెలుస్తుంది? తడి ఉన్నప్పుడే ఫోటో తీసి వార్డెన్‌కి మెయిల్ పెట్టండి. కేర్‌టేకర్ అన్నకి చెప్పాం కదా అంటే చాలదు, ఆయన వేరే బ్లాక్‌కి మారిపోవచ్చు.

మీ చేతిలోనే ఏదైనా విరిగితే వెంటనే చెప్పేయండి. అప్పుడైతే రిపేరు ఖర్చుతో పోవచ్చు. దాచిపెడితే ఏడాది చివర రూమ్‌మేట్స్ అందరి మీదా పడుతుంది, స్నేహాలు చెడేది అక్కడే.

సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ పెట్టుకుని మధ్యాహ్నం తనిఖీకి పిలవకండి. రైలు టెన్షన్‌లో ఎంత రాస్తే అంతకి ఒప్పేసుకుంటారు. ముందు రోజే పిలిచి, పక్కనే నిలబడి చూపించండి. తాళంచెవి ఇచ్చినట్టు రసీదు అడగండి.

చార్జీ వేస్తే దేనికెంతో విడివిడిగా రాసిమ్మనండి. ఏళ్ల తరబడి వాడిన పరుపుకి కొత్త పరుపు ధర వేస్తే, అరుగుదల ఎందుకు తీసేయలేదని రాతపూర్వకంగా అడగండి. కూలర్ కుళాయి విరిగిందని ఫ్లోర్ మొత్తానికి పంచితే, ఆ రోజుల్లో మీరు హాస్టల్లో లేనట్టు గేటు రిజిస్టర్ చెబుతుందేమో చూడండి.

వార్డెన్ వినకపోతే, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పరిధిలోని విద్యాసంస్థ అయితే, విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

రీఫండ్ కోసం కాలేజీలో చేరినప్పుడు తెరిచిన బ్యాంకు ఖాతా ఇస్తే, అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. రెండేళ్లు లావాదేవీలు లేని ఖాతాను బ్యాంకు వాడకంలో లేనిదిగా మార్చేస్తుంది. అనుమానముంటే ఇంటి దగ్గర వాడే ఖాతా నంబరే ఇవ్వండి.