మున్సిపాలిటీ కరెంటు ఖర్చు తగ్గించే పనులకు గ్రాంటు: దరఖాస్తు విధానం

మున్సిపాలిటీ కట్టే కరెంటు బిల్లులో పెద్ద వాటా నీళ్ల మోటార్లది, ఆ తర్వాత వీధిదీపాలది. ఆఫీసులో ఫ్యాన్లు, ఏసీలు ఎంత తిరిగినా ఆ రెండింటి దరిదాపుల్లోకి రావు. నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి పెద్ద ఊళ్లలోనూ, దేవరకొండ, వనపర్తి, నారాయణపేట లాంటి చిన్న పట్టణాల్లోనూ ఇదే పరిస్థితి. జనం కట్టిన ఆస్తిపన్నులోంచి నెలనెలా పోయే ఈ డబ్బును తగ్గించే పనులకు ప్రభుత్వ గ్రాంటు వాడుకోవచ్చు. అయితే ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ఫారం, ఒక కౌంటర్ లేవు. డబ్బు వేర్వేరు పద్దుల్లో ఉంటుంది. మన పని ఏ పద్దులో ఇముడుతుందో చూసి, సరైన కాగితాలతో ఆ పద్దు ప్రణాళికలోకి ఎక్కించాలి. కమిషనర్లు, ఇంజినీర్లతో పాటు కౌన్సిలర్లకు, వార్డు కమిటీ సభ్యులకు కూడా ఇది తెలిసి ఉంటే పని తొందరగా కదులుతుంది.

ముందు బిల్లులు ముందేసుకోండి

మార్గదర్శకాల పుస్తకం తెరవడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. మున్సిపాలిటీ పేరు మీద ఉన్న ప్రతి కరెంటు సర్వీసుకూ పన్నెండు నెలల బిల్లులు తీయించాలి. మన జిల్లాలు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వస్తాయి కాబట్టి ప్రతి సర్వీసుకూ ఒక యూఎస్‌సీ నంబర్, అంటే ఆ కనెక్షన్‌ను గుర్తించే ప్రత్యేక నంబర్ ఉంటుంది. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) సర్వీసుల్లో వీధిదీపాలు ఎల్‌టీ-6(ఏ), మంచినీటి పథకాలు ఎల్‌టీ-6(బీ) కేటగిరీలో ఉండాలి. నంబర్, కేటగిరీ, ఆ మోటారు లేదా ప్యానెల్ ఉన్న చోటు, నెలవారీ యూనిట్లు, బిల్లు మొత్తం, ఇవన్నీ ఒకే పట్టికలో రాయండి. ఆ పట్టిక పట్టుకుని లైన్‌మన్‌నూ, వాటర్ వర్క్స్ ఫిట్టర్‌నూ వెంటబెట్టుకుని ఊరంతా ఒకసారి తిరగాలి. ఎండిపోయి మూతపెట్టిన బోరుకు ఇంకా బిల్లు వస్తూ ఉండొచ్చు. పంపుహౌస్ సర్వీసు పొరపాటున కమర్షియల్ కేటగిరీలో ఉండిపోయి ఉండొచ్చు. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్ అయితే ఇంకొకటి చూడాలి. వాడకం ఎంత తక్కువున్నా, ఒప్పందం చేసుకున్న డిమాండులో, అంటే ఒకేసారి గరిష్ఠంగా లాగుతామని చెప్పిన లోడులో, కనీసం 80 శాతానికి డిమాండ్ చార్జీ పడుతుంది. అవసరానికి మించి డిమాండ్ పెట్టుకుంటే ప్రతి నెలా ఆ తేడాకు ఊరికే కడుతున్నట్టే.

ఈ సవరణలకు గ్రాంటు అక్కర్లేదు. విద్యుత్ సంస్థ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఆఫీసులో అర్జీ చాలు. గ్రాంటు అడిగే ముందు ఇవి పూర్తి చేసిన పట్టణం ప్రతిపాదనను పైవాళ్లు వేరుగా చూస్తారు, అలా చూడాలి కూడా. సొంతంగా చేసుకోగలిగింది చేశాకే చెయ్యి చాచారన్న నమ్మకం ఆ కాగితాల్లోనే కనబడుతుంది.

మోటారు దగ్గర కొలత

నల్గొండకు పానగల్ ఉదయ సముద్రం నుంచి నీళ్లొస్తాయి. కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పైకి ఎత్తిపోసే ఖర్చు వేరే పద్దు. కానీ శుద్ధి అయిన నీళ్లను సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించే మోటార్లు, వార్డు బోర్ల మోటార్లు మున్సిపాలిటీవే. గ్రాంటు ప్రతిపాదనలో బలమంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక మోటారు గంటకు 100 కిలోలీటర్ల నీళ్లను మొత్తం 40 మీటర్ల హెడ్‌కు (ఎత్తు, పైపుల్లో రాపిడి కలిపి) ఎత్తుతోంది అనుకుందాం. లెక్క ప్రకారం ఆ పనికి నీటికి అందాల్సిన శక్తి సుమారు 10.9 కిలోవాట్లు. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 45 శాతమే ఉంటే మీటరు మీద 24 కిలోవాట్లు లాగుతుంది. ఇంపెల్లర్ (పంపులో నీటిని నెట్టే చక్రం) అరిగిపోయి, రెండు మూడు సార్లు రీవైండింగ్ అయిన పాత సెట్లు ఇలా పడిపోవడం మామూలే. సామర్థ్యం 65 శాతం ఉన్న సెట్ పెడితే అదే పనికి 17 కిలోవాట్లు కూడా పట్టవు. తేడా దాదాపు ఏడున్నర కిలోవాట్లు. రోజుకు 16 గంటలు నడిస్తే ఏడాదికి సుమారు 43 వేల యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే మూడు లక్షలు. సెట్, ప్యానెల్ కలిపి ఆరు లక్షలైతే రెండేళ్లలో ఖర్చు తిరిగొచ్చేస్తుంది. మీ ప్రతిపాదనలో మాత్రం యూనిట్ రేటు మీ బిల్లులో ఉన్నదే వేయండి, గంటలు మీ లాగ్‌బుక్‌లో ఉన్నవే వేయండి.

ఈ అంకెలు ఊహించి రాస్తే పరిశీలనలో నిలబడవు. పైపు మీద ఫ్లో మీటరు, డెలివరీ వైపు ప్రెషర్ గేజ్, ప్యానెల్ దగ్గర పవర్ మీటరు పెట్టి ఒకే సమయంలో మూడూ నమోదు చేయించాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ధ్రువీకరించిన ఎనర్జీ ఆడిటర్‌తో చేయిస్తే నివేదికకు విలువ ఉంటుంది. 2001 ఇంధన పరిరక్షణ చట్టం అమలుకు మన రాష్ట్రంలో నియమించిన సంస్థ రెడ్‌కో, అంటే రాష్ట్ర పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ. ఆడిటర్ల విషయంలో ముందు అక్కడే సంప్రదించండి. ఆడిట్ నివేదికలో "కిలోలీటరుకు ఎన్ని యూనిట్లు" అన్న అంకె తప్పకుండా ఉండేలా చూసుకోండి. పై ఉదాహరణలో అది 0.24 నుంచి 0.17కి దిగుతుంది. పని అయ్యాక మిమ్మల్ని అడిగేది ఆ అంకే.

వీధిదీపాల సంగతి వేరు. 2015 జనవరిలో జాతీయ వీధిదీపాల కార్యక్రమం మొదలయ్యాక మన పట్టణాల్లో చాలా వీధుల్లో ఎల్‌ఈడీలు వచ్చేశాయి. ఇప్పుడు మళ్లీ "ఎల్‌ఈడీ మార్పిడి" అని రాస్తే ఎన్నోసారి అని అడుగుతారు. నష్టం ఇప్పుడు ఎక్కువగా పగలు వెలిగే దీపాల్లో ఉంది. మూడో తీగ (వీధిదీపాలను విడిగా ఆపడానికి వేసే తీగ) లాగని స్తంభాల మీద, టైమర్ పాడైన ప్యానెళ్ల కింద దీపం మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటుంది. 70 వాట్ల దీపం పగటి 12 గంటలు వృథాగా వెలిగితే ఏడాదికి 300 యూనిట్లు దాటుతుంది. వంద దీపాలంటే 30 వేల యూనిట్లు. అందుకని మూడో తీగ, మీటర్లు, ఆటోమేటిక్ కంట్రోల్ ప్యానెళ్లు అడగండి. వార్డు కమిటీ వాళ్లు పగలు వెలిగే స్తంభాల నంబర్లు రాసి, ఫొటోలు తీసి ఇస్తే అవి నేరుగా ప్రతిపాదనకు జతవుతాయి.

ఏ పద్దులో అడగాలి

ఆర్థిక సంఘం గ్రాంట్లు మొదటి దారి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మన లాంటి పట్టణాలకు ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టిపడేసింది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చింది, జీతాలకు, ఆఫీసు నిర్వహణకు మాత్రం కాదు. తాగునీటి పంపుల మార్పిడిని తాగునీటి వాటాలో చూపించడం సహజం. వీధిదీపాల ప్యానెళ్లు రెండో వాటాలోకి వెళ్తాయి. లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టని పట్టణాలకు ఆ గ్రాంటే రాదని అప్పుడు షరతు పెట్టారు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. ఏ కాలం నిధులు అడుగుతున్నారో ఆ మార్గదర్శకాలే చదవండి. పాత ప్రతిపాదనకు తేదీ మార్చి పంపితే పని జరగదు.

పట్టణాల నీటి సరఫరా లాంటి పనులకు కేంద్రం పెట్టిన అమృత్ పథకం రెండో దారి. నల్గొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట 2015లో మొదలైన తొలి అమృత్‌లోనే ఉన్నాయి. నీళ్లకు, కరెంటుకు ఆడిట్ చేయడం అప్పటి సంస్కరణల జాబితాలోనే ఉంది. ఆ ఆడిట్ కాపీ మీ ఆఫీసు బీరువాలో ఉంటే బయటికి తీయండి, పాత కొలతలతో పోలిక దొరుకుతుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన అమృత్ 2.0 పట్టణాలన్నిటికీ వర్తించింది. లక్ష లోపు జనాభా ఉంటే కేంద్రం వాటా సగం, లక్ష నుంచి పది లక్షల మధ్య అయితే మూడో వంతు. అంటే దేవరకొండకు సగం, మహబూబ్‌నగర్‌కు మూడో వంతు. పట్టణం నీటి ప్రణాళిక రాష్ట్ర ప్రణాళికలో చేరి, రాష్ట్రస్థాయి ఉన్నత కమిటీ దాటి, కేంద్రంలో అపెక్స్ కమిటీకి వెళ్తుంది. డబ్బు 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. 2025-26 దాకా అని పెట్టిన పథకం కాబట్టి, కొత్త పని పంపే ముందు ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగంలో ఏ విడత నడుస్తోందో కనుక్కోండి.

మూడోది చాలా పట్టణాలు పట్టించుకోనిది. పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్ల పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే ఇంటివాళ్లకు 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. ఇది అందరికీ తెలుసు. తన పరిధిలో సోలార్ అమరిన ఒక్కో ఇంటికి స్థానిక సంస్థకు కూడా వెయ్యి రూపాయల ప్రోత్సాహకం ఉంది. రెండు వేల ఇళ్లంటే 20 లక్షలు. దీనికి డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) అక్కర్లేదు. వార్డుల్లో శిబిరాలు పెట్టి, పోర్టల్‌లో నమోదు చేయించి, విద్యుత్ సంస్థ దగ్గర ఆగిన అర్జీలను వెంటపడి పూర్తి చేయిస్తే చాలు.

ఒక జాగ్రత్త. పొదుపులోంచి వాయిదాలు కట్టించుకునే ఎస్కో (ఇంధన సేవల కంపెనీ) ఒప్పందాన్నీ, పట్టణ మౌలిక వసతుల నిధి నుంచి వచ్చే రుణాన్నీ కొందరు గ్రాంటు అనే చెబుతుంటారు. రెండూ తిరిగి కట్టాల్సినవే. పనికి రావని కాదు, సంతకం పెట్టే ముందు కౌన్సిల్‌కు ఆ మాట తెలియాలి.

కాగితాలు కదిలే దారి

మున్సిపాలిటీ ఏఈ అంచనా తయారు చేస్తారు. దానికి బిల్లుల పట్టిక, ఆడిట్ నివేదిక, ఫొటోలు, ఇదే పని వేరే పథకంలో చూపించలేదన్న ధ్రువీకరణ జతచేయాలి. పంపులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 12615లో కనీసం ఐఈ3 (అధిక సామర్థ్య) తరగతి మోటార్లు అని అంచనాలోనే రాయాలి. లేదంటే టెండర్లో చవకది వచ్చి కూర్చుంటుంది. తర్వాత కౌన్సిల్ తీర్మానం. పాలకవర్గం లేని సమయంలో ప్రత్యేక అధికారి ఉత్తర్వు. తీర్మానంలో మున్సిపాలిటీ తన వాటా ఏ పద్దు నుంచి పెడుతుందో, నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో స్పష్టంగా ఉండాలి. ఫైళ్లు వెనక్కి రావడానికి ఈ రెండు వాక్యాలు లేకపోవడం ఒక పెద్ద కారణం. ఆ తర్వాత అంచనా మొత్తాన్ని బట్టి తగిన స్థాయి ఇంజినీరు సాంకేతిక మంజూరు, పరిపాలనా అనుమతి, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్.

టెండర్ షరతుల్లో బిల్లు చెల్లింపును కొలతకు ముడిపెట్టండి. కొత్త సెట్ బిగించాక, పాతదాన్ని కొలిచినట్టే అవే మీటర్లతో కొలిచి, చెప్పిన సామర్థ్యం వచ్చాకే చివరి బిల్లు చెల్లిస్తామని. పాత మోటారును స్క్రాప్ రిజిస్టరులో రాసి వేలం వేయాలి. అది రిపేరై ఇంకో బోరులోకి దిగితే మిగిలిన యూనిట్లు అక్కడ పోతాయి.

తర్వాతి విడత డబ్బు రావాలంటే ముందు విడతకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. దాంతో పాటు అవే యూఎస్‌సీ నంబర్ల మీద పని ముందు నెలల బిల్లులు, పని తర్వాత నెలల బిల్లులు పక్కపక్కన పెట్టి ఇవ్వండి. వేసవి నెలను వేసవి నెలతోనే పోల్చాలి. ఏప్రిల్‌ను ఆగస్టుతో పోలిస్తే వానలు పడి తగ్గిన వాడకం కూడా పొదుపు ఖాతాలో పడుతుంది, ఆడిట్‌లో అది దొరికిపోతుంది.

కాలనీవాసులు ఈ బిల్లుల పట్టిక అడిగి తీసుకోవచ్చు. మున్సిపాలిటీలో పౌర సమాచార అధికారి పేరు మీద, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు అర్జీ పెట్టండి. వీధిదీపాల సర్వీసులు, పంపుల సర్వీసులు వేర్వేరుగా, నెలవారీగా యూనిట్లు, చెల్లించిన మొత్తం కావాలని రాయండి. జవాబుకు గడువు 30 రోజులు.