ఖర్చంటే ఒప్పుకోని కాంగ్రెస్‌మన్ దగ్గర నాసా సైన్స్ కోసం ఎలా మాట్లాడాలి

నేను డాలస్‌లో పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. మా కాంగ్రెస్‌మన్ రిపబ్లికన్. దేశం అప్పు పెంచే బిల్లు దేనికీ ఓటెయ్యనని చెప్పి గెలిచిన మనిషి. నాసా సైన్స్ నిధుల కోసం ఏటా ఆయన ఆఫీసుకి వెళ్తుంటాను. "అలాంటివాళ్ళు వినరండీ" అంటారు మనవాళ్ళు. లెక్క చెప్తే వింటారు. ఆయనకి పడనిది దుబారా, సైన్స్ కాదు. అందుకే గెలాక్సీల ఫొటోలు, మానవజాతి జిజ్ఞాస గురించిన మాటలు ఇంట్లోనే వదిలి వెళ్ళండి. ఆ ఫొటోలంటే నాకూ ప్రాణమే, కానీ ఆ గదిలో అవి పనికి రావు.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు చూసుకోండి. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. నాసా డబ్బు తేల్చేది రెండు సభల్లోనూ నిధులు కేటాయించే అప్రోప్రియేషన్స్ కమిటీ కింద ఉండే కామర్స్, జస్టిస్, సైన్స్ సబ్‌కమిటీ. మీ సభ్యుడు అందులో లేకపోయినా ఫలానా పద్దుకి ఇంత ఇవ్వండని లేఖ పంపొచ్చు, ఆ లేఖలు వెళ్ళేది ఏడాది మొదటి నెలల్లోనే. సెప్టెంబర్‌లో వెళ్తే చేయగలిగేది తక్కువ. మీకు దొరికేది స్టాఫర్, అంటే సభ్యుడి ఆఫీసులో పనిచేసే సహాయకుడు, పదిహేను ఇరవై నిమిషాలు. చిన్నబుచ్చుకోవద్దు, ఆ లేఖ రాసేది ఆ కుర్రాడే. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళు ఓటు లేదని వెనకాడనక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో ఉంటున్నారు, పన్ను కడుతున్నారు, సెన్సస్ మిమ్మల్నీ లెక్కిస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎన్నికల చందా ఊసు మాత్రం ఆ గదిలో ఎత్తకండి.

ఇక లెక్కలు. 2024లో నాసాకి దక్కింది సుమారు 24.9 బిలియన్ డాలర్లు, అందులో సైన్స్‌కి 7.3 బిలియన్లు. ప్రభుత్వం మొత్తం ఖర్చులో చూస్తే ప్రతి వంద డాలర్లకీ సైన్స్ వాటా పదకొండు సెంట్లు. ఇది ఒక్కసారి చెప్పి ముందుకి వెళ్ళిపోండి. "ఇంత చిన్న మొత్తమే కదా" అని మాత్రం అనొద్దు. ఆ గదిలోకి వచ్చే ప్రతివాళ్ళూ అనే మాట అది. చిన్న ఖర్చైతే దుబారా కాకుండా పోతుందా అని ఆయన అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

దానికంటే నాసా తప్పుల్ని ముందు మీరే చెప్పండి. నేను పెట్టుకున్న నియమాల్లో నాకు బాగా అక్కరకొచ్చింది ఇదే. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఖర్చు పెరిగి పెరిగి పది బిలియన్లకి చేరింది, 2011లో హౌస్ సబ్‌కమిటీ దాన్ని రద్దు చేయాలని కూడా ప్రతిపాదించింది. అంగారకుడి నుంచి రాతి నమూనాలు తెచ్చే మార్స్ శాంపిల్ రిటర్న్‌కి 8 నుంచి 11 బిలియన్లు అవుతుందని 2023లో స్వతంత్ర సమీక్షా సంఘం తేల్చింది. ఇవి ఆయన నోట వచ్చాక మనం సర్దిచెప్పుకుంటే సాకుల్లా వినిపిస్తాయి. మనమే ముందు చెప్పి, అదే ఊపులో 2005 నాసా చట్టం సంగతి ఎత్తాలి. ఏ ప్రాజెక్టైనా అభివృద్ధి ఖర్చు మొదటి అంచనా కన్నా ముప్పై శాతం మించితే, కాంగ్రెస్ మళ్ళీ అనుమతి ఇస్తే తప్ప దాని మీద ఖర్చు ఆపేయాలన్నది అందులోని నిబంధన. "దీన్ని గట్టిగా అమలు చేయించండి, నేనూ మీ వెంటే ఉంటాను" అన్నాను ఒకసారి. అప్పటిదాకా మర్యాదకి తలూపుతున్న స్టాఫర్ పెన్ను తీసి సెక్షన్ నంబర్ అడిగాడు.

ఆ వెంటనే యూరోపా క్లిప్పర్ కథ చెప్తాను. బృహస్పతి చందమామ యూరోపా జీవానికి అనువైనదేనా అని చూడటానికి పంపిన నౌక అది. దాన్ని నాసా సొంత రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్ మీదే పంపాలని కాంగ్రెస్ చట్టంలో రాసింది. తర్వాత ఆ షరతు సడలించాక ప్రైవేటు కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ హెవీ మీద 2024 అక్టోబర్ 14న వెళ్ళింది. దీనివల్ల సుమారు రెండు బిలియన్లు మిగిలాయని అంచనా. సైన్స్‌ని తగ్గించకుండా ఖర్చు తగ్గించడం అంటే ఇదీ. ఆ మిషన్ కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టింది కూడా హ్యూస్టన్ రిపబ్లికన్ జాన్ కల్బర్సనే. 2018 ఎన్నికల్లో ఆయన్ని గ్రహాంతరవాసుల పేరుతో వెక్కిరిస్తూ ప్రత్యర్థులు ప్రకటన వేశారు, ఆయన ఓడిపోయారు. మీ సభ్యుడికి ఆ భయం ఉంటుంది. అందుకని నియోజకవర్గంలో నిలబడి చెప్పుకోవడానికి పనికొచ్చే మాట ఒకటి చేతికివ్వండి. వ్యవసాయ ప్రాంతమైతే 2024 మే సౌర తుఫాను: సరిగ్గా విత్తనాల వేళ జీపీఎస్ దెబ్బతిని ట్రాక్టర్లు నిలిచిపోయాయి. ఆ తుఫానుల్ని అర్థం చేసుకునేది సూర్యుడి మీద జరిగే పరిశోధనే. రక్షణ అంటే ఇష్టపడేవారైతే సుమారు 325 మిలియన్ డాలర్ల డార్ట్ నౌక, 2022లో ఒక గ్రహశకలం దారి మార్చి చూపించింది. ప్రైవేటు రంగం మీద నమ్మకమైతే మన టెక్సాస్‌లోనే ఉన్న సీడర్ పార్క్ కంపెనీ ఫైర్‌ఫ్లై నాసా పరికరాలతో 2025 మార్చిలో చంద్రుడి మీద దింపిన బ్లూ ఘోస్ట్ ల్యాండర్. మూడూ చెప్పకండి, ఆయనకి తగింది ఒక్కటే ఏరుకోండి. చైనా పోటీ సంగతి ఆయనకి తెలుసు, అది మనం చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా బరువైన వాదన వాక్సహాచీ. మా డాలస్‌కి దక్షిణాన కూతవేటు దూరం. అక్కడ సూపర్ కొలైడర్ (పరమాణువు లోపలి కణాల్ని ఢీకొట్టించి పరిశోధించే భారీ యంత్రం) కోసం రెండు బిలియన్లు పెట్టి పద్నాలుగు మైళ్ళ పైన సొరంగం తవ్వాక 1993లో కాంగ్రెస్ ఆపేసింది. పొదుపు పేరుతోనే ఆపారు. ఆ రెండు బిలియన్లూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. 2025లో వైట్‌హౌస్ పంపిన ప్రతిపాదన సైన్స్‌ని 3.9 బిలియన్లకి దించమంది. ఆపేయమన్న వాటిలో ప్లూటో దాటి వెళ్ళిన న్యూ హొరైజన్స్ ఉంది, బృహస్పతి చుట్టూ తిరుగుతున్న జూనో ఉంది. వాటి ఖర్చులో సింహభాగం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు కావాల్సింది నడిపే ఖర్చే. బోరు వేయించి, నీళ్ళు పడ్డాక కరెంటు బిల్లు దండగని మోటారు ఆపేసినట్టుంటుంది. రెండు సభల అప్రోప్రియేషన్స్ కమిటీలూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నా అంత కోతకి ఒప్పుకోలేదని కూడా చెప్పండి. పార్టీని కాదంటున్నానేమో అన్న బెరుకు ఆయనకి కొంత తగ్గుతుంది.

"మరి ఇంకెక్కడ కోయమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. ఇంకొకరి పథకం పేరు చెప్పకండి. సబ్‌కమిటీకి ఇచ్చిన మొత్తం ఖర్చు పరిమితి పెంచమని అడగడం లేదనీ, దాని లోపలే సైన్స్ వాటా తగ్గించవద్దంటున్నాననీ చెప్పండి.

అడిగేది ఒక్కటే ఉండాలి, అంకెతో ఉండాలి. నా కాగితం ఒకే పేజీ. పైన ఒక వాక్యం: "నాసా సైన్స్‌కి 7.3 బిలియన్లకి తగ్గకుండా ఇవ్వమని మీ లేఖలో చేర్చండి." కింద మూడు నిలువు వరసల పట్టిక: ప్రాజెక్టు, అనుకున్న ఖర్చు, అయిన ఖర్చు. అడుగున నా పేరు, ఇంటి చిరునామా, జిప్ కోడ్. మన నియోజకవర్గం మనిషేనా అని వాళ్ళు మొదట చూసేది దాన్నే.

ఆ సాయంత్రమే ఈమెయిల్ పంపండి, అడిగిన సెక్షన్ నంబరేదైనా ఉంటే అందులోనే పెట్టండి. ఆయన ఆ లేఖ పంపితే స్థానిక పత్రికకి నాలుగు ముక్కలు రాసి పేరు పెట్టి మెచ్చుకోండి. ఖర్చు తగ్గించినందుకు ఆయన్ని పొగిడేవాళ్ళు చాలామంది ఉంటారు, సైన్స్‌ని నిలబెట్టినందుకు పొగిడే ఓటరు ఆ ఆఫీసుకి అరుదు.