గ్యాస్ గ్రిల్ మంట రాక బొగ్గుల మీద పడ్డా

డాలస్‌లో మా పెరట్లో రెండు గ్రిల్స్ ఉన్నాయి, ఒకటి గ్యాస్‌ది ఒకటి బొగ్గులది, రెండెందుకు దండగ అని మా ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది. మొన్న శనివారం నలుగురిని భోజనానికి పిలిచి చికెన్ లెగ్స్‌కి పొద్దున్నే అల్లంవెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టా, తీరా సాయంత్రం గ్యాస్ గ్రిల్ వెలిగిస్తే మంట దీపంలా మినుకుమినుకుమంటోంది, అరగంటైనా మూత మీద మీటర్ 250 ఫారన్‌హీట్ దాటలా. సిలిండర్ అయిపోయిందేమో అని పరిగెత్తి కొత్తది తెచ్చి బిగించా, మళ్లీ అదే కథ. ఇంక లాభం లేదని బొగ్గులు చిమ్నీలో (బొగ్గులు రాజేసే రేకు గొట్టం) పోసి కింద పేపర్ అంటించా, 20 నిమిషాల్లో పైన బూడిద పట్టింది, బొగ్గులన్నీ గ్రిల్‌లో పోసి ఒక పక్కకి తోసి ముక్కలు రెండో పక్కన పేర్చి మూతేశా. నిజం చెప్పాలంటే ఆ పొగ వాసన గ్యాస్ మీద చచ్చినా రాదు.

మర్నాడు తీరిగ్గా చూస్తే తప్పు నాదే. బర్నర్ నాబ్ ముందే తిప్పి ఉంచి సిలిండర్ వాల్వ్ ఒక్కసారిగా తెరిచా, రెండోసారీ అంతే, అలా చేస్తే ఎక్కడో లీకవుతోందనుకుని పైపుకున్న రెగ్యులేటర్‌లోని సేఫ్టీ ఏర్పాటు గ్యాస్‌ని బాగా తగ్గించేస్తుందట. అన్ని నాబ్‌లూ, సిలిండరూ కట్టేసి, పైపు ఊడదీసి, కాసేపు ఆగి మళ్లీ బిగించా. మూత తెరిచే ఉంచి వాల్వ్ మెల్లగా తిప్పి, జాయింట్ దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు రావట్లేదని చూసుకుని అప్పుడు బర్నర్ వెలిగించా. అన్నీ వెలిగించి మూతేస్తే కాసేపట్లో 500 దాటింది.

అనవసరంగా తెచ్చిన సిలిండర్ మాత్రం, గరాజ్‌లో పెట్టకూడదు కదా, బయట గోడ పక్కనే ఉంది, మా ఆవిడ అటు వెళ్లినప్పుడల్లా దాన్నోసారి నన్నోసారి చూస్తోంది.