మీ రీసెర్చ్ పేపర్‌ని ఎవరో కాపీ కొట్టి జర్నల్లో వేసుకున్నారా? కంప్లైంట్ ఇలా పెట్టాలి

ముందు ఒక మాట, కోపంలో ఉన్నప్పుడు మెయిల్ కొట్టకండి. నా పేపర్లో ఒక టేబుల్లో దశాంశ బిందువు ఒక చోట పక్కకి జరిగి అచ్చయింది, రెండేళ్ళ తర్వాత ఇంకెవరిదో పేపర్ చదువుతుంటే అదే టేబుల్, అదే వరుసలో అదే తప్పు, చేతులు వణికాయి నాకు. ఆ ఊపులో తిడుతూ రాసిన మొదటి మెయిల్‌కి జవాబే రాలేదు, ఆధారాలు వరసగా పెట్టి రాసిన రెండోదానికే కదలిక వచ్చింది.

అందుకే ముందు రెండు గడుల టేబుల్ ఒకటి తయారు చేసుకోండి. ఎడమ పక్క మీ వాక్యం, పేజీ నంబర్, కుడి పక్క వాళ్ళది. రెండు పేపర్ల డీఓఐ (ప్రతి పేపర్‌కీ ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్), పబ్లిష్ అయిన తేదీలు పైన రాయండి, ప్రీప్రింట్ (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్లో పెట్టే ప్రతి) పెట్టి ఉంటే ఆ తేదీ కూడా. రాత ఎంత శాతం కలుస్తోందో చూపే ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ ఉంటే జతచేయండి గానీ ఆ పర్సంటేజీ ఒక్కటే నమ్ముకోవద్దు, రిఫరెన్సులు, అందరూ రాసే మెథడ్స్ వాక్యాలు కూడా అందులో లెక్కకొచ్చేస్తాయి, అంకె తక్కువొచ్చినా అసలు ఫలితాల పేరానే ఎత్తేసి ఉండొచ్చు.

ఇది ఆ కాపీ పేపర్ వేసిన జర్నల్ ఎడిటర్‌కి పంపండి. "దొంగతనం" అనకుండా "ఈ భాగాలు ఒకేలా ఉన్నాయి, పరిశీలించండి" అనండి చాలు. ఎడిటర్ ముందు ఆ రచయితలని వివరణ అడుగుతారు, వాళ్ళు పలకకపోతే వాళ్ళ సంస్థకి రాస్తారు, దీనికి నెలలు పడుతుంది, మధ్యలో ఓపిగ్గా గుర్తుచేస్తూ ఉండండి, ప్రతి మెయిల్ దాచుకోండి. ఎడిటర్ అసలు పట్టించుకోకపోతే జర్నల్ సైట్లో కంప్లైంట్ల విధానం చూసి పబ్లిషర్‌కి వెళ్ళాలి.

అక్కడా పని కాకపోతే అప్పుడు కోప్, అంటే 1997లో మొదలైన కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్. ఆ జర్నల్ గానీ పబ్లిషర్ గానీ దాంట్లో మెంబరో కాదో కోప్ సైట్లో వెతికి చూసుకోండి, మెంబర్ కాకపోతే వాళ్ళు ఏమీ చేయలేరు. మెంబరైతే సైట్లోనే కంప్లైంట్ ఫారం ఉంటుంది, జర్నల్‌తో నడిచిన ఉత్తరాలన్నీ దానికి జతచేయాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు: కాపీ జరిగిందా లేదా అన్న తీర్పు కోప్ చెప్పదు, జర్నల్ తన పని పద్ధతి ప్రకారం చేసిందా లేదా అన్నదే చూస్తుంది. కాబట్టి ఫారంలో మీ పేపర్ గొప్పదనం కాదు, ఏ తేదీన ఏం అడిగారు, వాళ్ళు ఏం చేయలేదు అన్నది రాయండి.

కాపీ రుజువై జర్నల్ దాన్ని రిట్రాక్ట్ చేసినా, అంటే వెనక్కి తీసుకున్నా, ఆ పేపర్ సైట్లోంచి మామూలుగా మాయమైపోదు, రిట్రాక్టెడ్ అని ముద్ర పడి, కారణం చెప్పే నోటీసుతో అలాగే ఉంటుంది. ఆ నోటీసులో మీ అసలు పేపర్ వివరం కూడా వేయమని ఎడిటర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.